చుక్కి తిరిగిన దారులు: వాల్తేరు, భీమిలి, పద్మనాభం, కొండకర్ల

జనవరి 22, గురువారం: పెదవాల్తేరు

మా పెదనాన్నగారి కుక్క చుక్కి కార్తీక పౌర్ణమి వెళ్ళిన వారంలో చనిపోయింది. ఆ కబురు ఫోనులో చెప్పినప్పుడు ఆయన ఎక్కువ మాట్లాడలేదు కానీ, సంక్రాంతి వెళ్ళాక ఒకసారి రమ్మనీ, దాన్ని తిప్పిన చోట్లన్నీ చుట్టి రావాలని ఉందనీ, కంటి ఆపరేషను అయ్యాక తనను కారు నడపనివ్వడం లేదనీ అన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రోజుల్లో నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. పిల్లగా వచ్చిన చుక్కిని పొద్దున్నే బీచ్ రోడ్డు దాటించి ఇసకలోకి తీసుకెళ్ళడం అప్పట్లో నా వంతు పని. అందుకని సెలవు పెట్టి హైదరాబాదు నుంచి బయల్దేరాను.

చుక్కి పాయింటర్ జాతి ఆడకుక్క. తెల్లటి ఒంటి మీద కాఫీగింజ రంగు మచ్చలుండేవి కనుక ఆ పేరు వచ్చింది. ఈ జాతిని తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిందే పిట్టల వేట కోసం. కుందేళ్ళ వెంట పడే కుక్కల మాదిరిగా ఇది దేన్నీ తరమదు. మోర పైకెత్తి, గాలిలో వచ్చే వాసనను పట్టుకుంటూ, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పొలానికి అడ్డంగా తిరుగుతూ పోయి, గడ్డిలో నక్కిన పిట్టను పసిగట్టగానే ఉన్నచోటనే బిగుసుకుపోతుంది. ముక్కు పిట్ట ఉన్న వైపుకూ, తోక వెనక్కి తిన్నగానూ ఉంటాయి, ఒక ముంగాలు మడిచి గాలిలో ఉంటుంది. వెనక వచ్చే వేటగాడు ఆ ముక్కు చూపిన దిక్కుకు తుపాకీ సిద్ధం చేసుకుంటాడు. అలా నిలబడటం ఎవరో నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేదే. శిక్షణ అంతా ఆ నిలకడను ఎంతసేపు నిలపాలన్న దాని కోసమే. చుక్కి మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడే మా పెద్దమ్మ డాబా మీద ఆరబెట్టిన వడియాల దగ్గర వాలిన పిచ్చుకను చూసి కాలెత్తి నిలబడిపోయింది. పెద్దమ్మ దానికి కాలు బెణికిందనుకుని ఆముదం రాసింది.

మా తాతగారికి పద్మనాభం దగ్గర పొలమూ, జంట గొట్టాల తుపాకీ, రెండు పాయింటర్లూ ఉండేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి లైసెన్సులూ ఆంక్షలూ బిగిశాక ఆయన తుపాకీని పోలీసు స్టేషనులో అప్పగించేశారు. 1991లో చేసిన సవరణ మిగిలిన ఆ కాస్త సందునూ మూసేసింది. 1951లో పుట్టిన మా పెదనాన్న చిన్నతనమంతా ఆ కుక్కల వెనక సంచి మోస్తూ గడిచింది. పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక 2012లో చుక్కిని తెచ్చుకున్నారు. తుపాకీ మీద ఆయనకు ఎన్నడూ మోజు లేదు, కుక్క నిలబడే ఆ క్షణం మీదే మోజంతా. పిట్టను చంపడమే కాదు, తరమడం కూడా చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది కనుక, ఆయన చుక్కిని ఎప్పుడూ పది గజాల తాడుతోనే తిప్పేవారు. అది నిలబడ్డాక కాసేపు చూసి, దగ్గరికి నడిచి, మెడపట్టీ పట్టుకుని పక్కకు మళ్ళించి తీసుకుపోయేవారు. గూళ్ళు కట్టే కాలంలో పొలాల వైపు పోనిచ్చేవారు కాదు. కంబాలకొండ అభయారణ్యం అంత దగ్గరలో ఉన్నా దాని గేటు లోపలికి ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. అంటే చుక్కి తన జీవితంలో తుపాకీ చప్పుడు వినకుండా, ఒక్క పిట్టనూ నోట కరవకుండా పోయిన వేటకుక్క అన్నమాట.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి అబ్బాయి పెదనాన్నను చూడగానే, అలవాటు కొద్దీ, ఉల్లిపాయ వేయకుండా ఉత్త మురీలు ఒక కాగితంలో పోసి ఇచ్చాడు. అది చుక్కి వాటా. ఉల్లిపాయ కుక్కలకు విషమని అతనికి ఎప్పుడో చెప్పి ఉంచారు. పెదనాన్న ఆ పొట్లం అందుకుని, సంగతి చెప్పి, తనే తినేశారు. మాకు చేసిన రెండు పొట్లాలకు ఎనభై రూపాయలు తీసుకున్నాడు కానీ దానికి మాత్రం తీసుకోలేదు.

రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టారు. తాతగారిది ఎర్ర కాలికో అట్ట పద్దుల పుస్తకం. మూలలు చెదలు తినేసినా సిరా నిలిచే ఉంది. తేదీ, పొలం పేరు, కుక్క పేరు, ఆ తరవాత ‘పడినవి’ అన్న గడి కింద అంకెలు: కౌజులు 6, పూరేళ్ళు 11, ఒకచోట బాతులు 4. పెదనాన్నది నీలం అట్ట రికార్డు పుస్తకం. అందులో తేదీ, చోటు, గాలి ఎటు నుంచి వీచింది, ఏ పిట్ట, కుక్క ఎంతసేపు నిలిచింది అన్న గడులున్నాయి. చివరి గడిలో మాత్రం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఒకటే మాట: వదిలాం. కొన్ని పేజీల్లో ఆ మాటను ప్రతి వరసలోనూ రాయడానికి విసుగు పుట్టి కింద డిటో గుర్తులు పెట్టుకుంటూ పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రాసిన మొదటి వరసలో ఏ పిట్ట పేరూ లేదు. ‘చెట్లు లేవు. కుక్క అటూ ఇటూ తిరిగి వచ్చి కూర్చుంది’ అని ఉంది.

జనవరి 23, శుక్రవారం: ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

తెల్లవారుజామున అయిదింటికే లేపేశారు. ఎండ ఎక్కితే వెళ్ళి లాభం లేదని ఆయన వాదన, అది ఎండకు భయపడి కాదు. తీరం వెంబడి రాత్రీ తెల్లవారుజామునా గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం మీంచి లోపలికి తిరుగుతుంది. పిట్టల కుక్క పని ఎదురుగాలిలోనే సాగుతుంది కనుక, ఉదయం సముద్రం వైపు నుంచి దిబ్బల్లోకి నడవాలి, ఆలస్యమైతే దిబ్బల వైపు నుంచి సముద్రానికి దిగాలి. కుక్క లేకపోయినా ఆ క్రమం తప్పడానికి ఆయన ఒప్పుకోలేదు. దారిలో మంగమారిపేట దాటాక రోడ్డు పక్క బడ్డీలో పూరీ, బొంబాయి చట్నీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. చట్నీలో అల్లం దండిగా పడి, నిద్రమత్తు దెబ్బకు వదిలింది.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలికి ఇటువైపున, రోడ్డు పక్కనే ఉంటాయి. సముద్రమట్టం పెరుగుతూ తరుగుతూ ఉన్న వేల ఏళ్ళలో గాలీ నీరూ పోగేసి, తరవాత వాన కోసిన ఎర్రటి ఇసక ఇది. దక్షిణాసియాలో ఇలాంటివి ఇక్కడ కాక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ ఉన్నాయని చెబుతారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. సినిమా షూటింగుల వాళ్ళకు ఈ చోటు బాగా తెలుసు. పైన జీడిమామిళ్ళు, తాళ్ళు, సరుగుడు. కింద వాన కోసిన ఇరుకు సందులు, మనిషికి రెండింతల ఎత్తు గోడలు. ఆ గోడలు చేత్తో తాకితే రాలతాయి కనుక వాటికి ఆనుకోకుండా నడవాలి. మా ముందు వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు గోడ మీద పేర్లు చెక్కుతుంటే పెదనాన్న వాళ్ళను పోర్టులో మేస్త్రీలను కేకలేసిన గొంతుతోనే కేకలేశారు. వాళ్ళు దండం పెట్టి వెళ్ళిపోయారు. పేర్లు మాత్రం సగం సగం అలాగే ఉండిపోయాయి.

పైకెక్కి మొగలి పొదల దాకా వెళ్ళేసరికి ఎక్కడో కౌజు కూసింది. ఉండుండి రెట్టించి, చివర పెంచి కూసే ఆ గట్టి కూత ఒక్కసారి విన్నవాళ్ళు మరిచిపోలేరు. పెదనాన్న ఆగిపోయారు. కుడిచెయ్యి నడుము దగ్గరికి వచ్చి వేళ్ళు ముడుచుకున్నాయి. తాడు జారిపోకుండా మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకునే పాత అలవాటు. చేతిలో తాడు లేదని తెలిసి కూడా ఆ చుట్టు పూర్తయ్యేదాకా చెయ్యి ఆగలేదు. ఆ తరవాత జేబులోంచి పెన్ను తీసి, ‘కౌజు 1, మొగలి పొదలు, పడమటి గాలి’ అని రాసి, కుక్క నిలిచిన సమయం గడిలో అడ్డగీత పెట్టారు.

దిగేటప్పుడు దారి తప్పాం. ఒక సందు ఇంకో సందులోకి తిరిగి, అది మళ్ళీ మొదటి గోడ దగ్గరికే తెచ్చింది. ఫోనులో పటం ఈ సందులను చూపించదు, పచ్చటి ఖాళీ మాత్రమే చూపిస్తుంది. చుక్కి ఉన్నన్నాళ్ళూ ఇక్కడ దారి గురించి ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు. తిరిగి వెళదామనగానే అది నేలకు ముక్కు ఆనించి, మేము వచ్చిన జాడ మీదే వెనక్కి లాక్కుపోయేది. ముప్పావుగంట తిరిగాక మేకలు కాసుకునే ఒక ముసలాయన పైనుంచి మమ్మల్ని చూశాడు.

“ఏటి బాబూ, దారి తప్పినారా? మీ కుక్కేది, తేనేదా?”

చనిపోయిందని పెదనాన్న చెప్పారు. ఆయన కర్ర భుజానికి ఆనించుకుని, “ఎప్పుడెల్లిపోనాది?” అని అడిగి, రోగమేటని అడిగి, కిడ్నీలని చెబితే మా తమ్ముడికీ అదేనని అన్నాడు. దారి చూపిస్తూ నడిచినంతసేపూ చుక్కి గురించే చెప్పాడు. మేకలు దాన్ని చూస్తే ముందు బెదిరేవట. అది మేక వైపు కన్నెత్తైనా చూడదని అర్థమయ్యాక దాని కాళ్ళ సందుల్లోంచే దూరి పోయేవట. “దాని యావంతా పిట్టల మీదే. మనిసికైనా ఉండాలి కదమ్మా అంత యావ” అన్నాడు నాతో. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మా దగ్గరున్న అరటిపళ్ళు మాత్రం మేకలకని తీసుకున్నాడు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఇసక మీద ఉల్లంకి పిట్టలు అలతో వెనక్కీ ముందుకూ పరిగెడుతుంటాయి. చుక్కికి ఇక్కడ ఎప్పుడూ తికమకే. అది నేర్చిన లెక్క ప్రకారం పిట్ట దాక్కోవాలి, ఇవి దాక్కోవు. కాలెత్తి నిలబడేది, పిట్ట దాని ఎదురుగా నింపాదిగా నడిచిపోయేది, చుక్కి మా వైపు తిరిగి చూసేది. పుస్తకంలో భీమిలి వరసలన్నీ పొట్టివి.

ఒడ్డున వలల పక్కన చేపలు అమ్మే ఒకావిడ గంప దించి, “సుక్కల కుక్క కనబళ్ళేదేటి బాబూ?” అని తనే పలకరించింది. వచ్చినప్పుడల్లా దానికి కానాగంతల తలలు వేసేదట. సంగతి విని నోటి మీద చెయ్యి వేసుకుంది. పెదనాన్న అరకిలో నెత్తళ్ళు తూయమంటే తూచి, పైన ఒక గుప్పెడు వేసి, “ఇయి దానియి” అంది. ధర మాత్రం పైసా తగ్గించలేదు, బేరమాడితే నవ్వింది. మధ్యాహ్నం ఒక మెస్సులో చేపల పులుసుతో భోజనం నూట యాభై రూపాయలు. పులుపు చింతపండుది కాక మామిడి ఒరుగులది కావడంతో ఇద్దరం అన్నం మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాం. డచ్చి వాళ్ళ సమాధుల తోట బయటినుంచే చూశాం. గోడ మీద పావురాలున్నాయి, పావురాల మీద చుక్కికి ఆసక్తి ఉండేది కాదు, పెదనాన్నకూ లేదు.

జనవరి 24, శనివారం: పద్మనాభం

చుక్కిని పాతిపెట్టింది ఇక్కడే, మా మామిడితోటలో. నగరంలో అపార్ట్‌మెంటు వాళ్ళకు కుక్క పోతే చోటు వెతుక్కోవడం ఎంత యాతనో ఆ రోజు తెలిసిందని పెద్దమ్మ చెప్పింది. దుప్పటిలో చుట్టి, వెనక సీటులో పెట్టుకుని, పొరుగింటి కుర్రాడు కారు నడపగా ఇంత దూరం వచ్చారట.

పద్మనాభం పేరు చెబితే చరిత్ర చదివినవాళ్ళకు 1794 జులై 10న ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించిన యుద్ధం గుర్తొస్తుంది. మా ఇంట్లో మాత్రం పద్మనాభం అంటే కౌజులూ పూరేళ్ళూను. వరి కోశాక చల్లిన మినుము చేలలో, గట్ల మీది గడ్డిలో, తాటి మొదళ్ళ దగ్గర అవి తిరిగేవి. తాతగారి పుస్తకంలో సగం ఈ నాలుగు గట్ల పేర్లే.

కౌలుకు చేస్తున్న రైతు మా కోసం తోట దగ్గరే ఉన్నాడు. పాతిన చోటును అడవిపందులు కెలక్కుండా చుట్టూ తుమ్మకంప వేసి, మీద రెండు రాళ్ళు పెట్టాడు. మామిడి అప్పుడే పూతకు వచ్చింది. పెద్దమ్మ పంపిన కొబ్బరికాయ కొట్టి, పెదనాన్న చిప్ప ఒకటి అక్కడ ఉంచి, రెండోది రైతు మనవడికి ఇచ్చారు. ఆ పిల్లాడు కొబ్బరి తింటూ, “తాతా, అది లోపల కూడా కాలెత్తే ఉన్నాదా?” అని అడిగాడు. వాళ్ళ తాత వాడి నెత్తిన మొట్టాడు. పెదనాన్న మాత్రం ఆ ప్రశ్నను చాలా మర్యాదగా తీసుకుని, లేదు, పడుకోబెట్టామని జవాబు చెప్పారు.

తరవాత మాటలన్నీ పిట్టల మీదికి మళ్ళాయి. కలుపు మందులు కొట్టడం మొదలయ్యాక గట్ల మీద గడ్డి ఉండటం లేదనీ, కోత మిషను వెళ్ళాక మిగిలిన దుబ్బులు తగలబెడుతుంటే పూరేళ్ళు ఎక్కడ నిలుస్తాయనీ రైతు అన్నాడు. పుస్తకం కూడా ఆ మాటే చెబుతుంది. మొదటి ఏళ్ళలో పద్మనాభం పేజీలు కిక్కిరిసి ఉంటాయి. చివరికి వచ్చేసరికి ఒక్కో ఉదయానికి ఒక్క వరస, కొన్నిటికి అదీ లేదు. చుక్కికి ముక్కు మందగించిందని పెదనాన్న చాలాకాలం అనుకున్నారట. ముక్కు బాగానే ఉంది. దొరకడానికి గట్ల మీద పిట్టలే లేవు. వేటను చట్టం ఆపింది కానీ, గట్టు మీది గడ్డిని ఆపేవాళ్ళు లేరని నాకనిపించింది. రైతును తప్పుపట్టి కాదు ఈ మాట అనడం, కూలీ దొరకక మందు కొడుతున్నాడు. అయినా తాతగారి రెండు గొట్టాల తుపాకీ చేయలేని పని ఒక డబ్బా మందు చేసింది.

రైతు భార్య చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయలు పెట్టింది. పోతూ పోతూ తేగల కట్ట ఒకటి కారులో పడేసింది. సంక్రాంతి తరవాత తేగలు పీచు తేలతాయంటారు కానీ ఇవి వెన్న మాదిరిగా విరిగాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆనందపురం రోడ్డు మీద ఒక ధాబా ముందు కారు ఆపమన్నారు. బయట బోర్డు మీద ‘కౌజు పిట్టల వేపుడు, ప్లేటు 180’ అని ఉంది. అవి నిజానికి ఫారంలో పెంచే జపాన్ పూరేళ్ళు. అడవి కౌజులను అమ్మడం నేరం. కొన్నేళ్ళ కిందట ఇక్కడ టీ కోసం ఆగినప్పుడు చుక్కి కారు దిగి, వంటగది పక్కన పెట్టిన పంజరాల ముందు కాలెత్తి నిలబడిపోయిందట. లోపల వందల పిట్టలు. ఎంత పిలిచినా కదల్లేదు, దవడలు పొంగుతున్నాయి, ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. బల్లల దగ్గర తింటున్నవాళ్ళు లేచి వచ్చి ఫోనులతో వీడియోలు తీశారు. యజమాని సంతోషపడిపోయి, ఇంతకంటే మంచి ప్రచారం ఏముంటుంది, కుక్కను రోజూ తీసుకురండి, టీ ఉచితం అన్నాడట. ఇప్పుడు ఆ యజమాని మారిపోయాడు, పంజరాలూ లేవు, మాంసం ఫ్రీజరులో వస్తోంది. నేను ఒక ప్లేటు తెప్పించుకున్నాను, కరివేపాకూ మిరియాలూ బాగానే దట్టించారు. పెదనాన్న టీ మాత్రం తాగి, పుస్తకంలో వెతికి ఆ రోజు వరస చూపించారు: ‘ధాబా, పూరేళ్ళు, లెక్క తెలీదు, 11 నిమిషాలు.’ చివరి గడిలో ఆ ఒక్కచోట వదిలాం అని లేదు. వాటిని వదలడం తన చేతిలో లేదు కదా అన్నారు.

అక్కడ ఉండగానే ఆయనకు ఫోను వచ్చింది. బెంగళూరు నుంచి తెచ్చిన పాయింటర్ జంటకు పిల్లలు పుట్టాయనీ, ఒక ఆడపిల్లను ఉంచుతాననీ, పద్దెనిమిది వేలనీ ఎవరో చెబుతున్నారు. ఆలోచించి చెబుతానని పెట్టేసి, దారిలో లెక్కలు మొదలుపెట్టారు. తనకిప్పుడు డెబ్భై నాలుగు. చుక్కి బతికినంత కాలం ఇదీ బతికితే అప్పటికి తనకు ఎనభై ఏడు. పది గజాల తాడు ఎవరు పట్టుకుంటారు? నా వైపు చూడలేదు కానీ ఆ ప్రశ్న నాకేనని తెలుసు. నేను రోడ్డు మీద గేదెలను తప్పించే పనిలో ఉండిపోయాను.

జనవరి 25, ఆదివారం: కొండకర్ల ఆవ

రథసప్తమి. పెద్దమ్మ జిల్లేడాకులు తల మీద పెట్టి మా ఇద్దరికీ స్నానాలు చేయించి, తను డాబా మీద పిడకల పొయ్యి రాజేసుకుంది. ఎండ చిక్కనయ్యేలోగా పరమాన్నం అవుతుందనీ, మేము వచ్చి చిక్కుడాకుల్లో తినాలనీ షరతు.

కొండకర్ల ఆవ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. రాష్ట్రంలో కొల్లేరు తరవాత చెప్పుకోదగ్గ సహజమైన మంచినీటి సరస్సు అది. నీళ్ళ మీద తామరాకు, కలువ, అక్కడక్కడ గుర్రపుడెక్క; మూడు పక్కలా కొండలు. ఇక్కడి పడవలు వేరు. రెండు తాటి మొద్దులను దోనెలుగా తొలిచి, పక్కపక్కన పెట్టి కట్టేస్తారు. కూర్చున్నవాళ్ళు కదలకూడదు, కదిలితే నీళ్ళు లోపలికి వస్తాయి. గంటకు మూడు వందలు అడిగాడు పడవతను. సెలవు రోజు కావడంతో జనం బాగా ఉన్నారు, బేరానికి సందు లేదు. పెదనాన్న కోసం మాత్రం వరస తప్పించి ముందు ఎక్కించుకున్నాడు.

ఎక్కగానే గమనించిన సంగతి: దోనె ముందు కొసన గోనెసంచి ముక్క ఒకటి మేకులతో కొట్టి ఉంది. చుక్కి కాళ్ళు జారకుండా ఇతనే కొట్టాడట. దాని చివర పీచు పీచుగా లేచి, గోళ్ళు పట్టిన చోట నాలుగు చిల్లులున్నాయి. తీసేయలేదేమని అడిగితే, ఇప్పుడు పిల్లలను కూర్చోబెట్టుకోవడానికి పనికొస్తోందన్నాడు.

నీళ్ళ మీద చుక్కి పడ్డ పాట్లు అతను గెడ వేస్తూనే నటించి చూపించాడు. మొదటిసారి ఎక్కినప్పుడు ముక్కు తూర్పుకు పెట్టి కాలెత్తిందట. ఆ కాలు దించకుండానే ఉత్తరానికి తిరిగిందట, ఆ తరవాత పడమరకు. “అన్ని దిక్కులా పిట్టలే కదా బాబూ, ఏ దిక్కని సూపిస్తాది పాపం!” చివరికి విసిగిపోయి సంచి మీద పడుకుని నిద్రపోయిందట. తరవాత తరవాత తెలివి వచ్చింది. ఒక్కదాన్నే ఎంచుకుని, దాని మీదే ముక్కు నిలిపేది. అది కాలెత్తితే ఇతను గెడ నీళ్ళలో అలాగే బిగబట్టి పడవ ఆపేవాడు. ఆ ఆపడంలో తనకూ పిట్టలు కనిపించడం మొదలైందన్నాడు. పుట్టింది ఈ ఆవ ఒడ్డున, చేపలే తప్ప పిట్టలను అంతకుముందు తేరిపార చూసింది లేదట.

మేము చూసినవి: తామరాకుల మీద పొడుగు వేళ్ళతో నడిచే పిట్టలు, ఊదారంగు నీటికోళ్ళు, రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, దూరంగా ఈల వేసినట్టు కూస్తూ లేచిన బాతుల గుంపు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తలను పట్టుకోవడానికి అదే దాని పనిముట్టు. ఒకటి మాకు పదడుగుల్లో నత్తను పైకి తీసి, నీళ్ళలోనే అటూ ఇటూ తిప్పి, గుల్ల నుంచి కండను లాగి మింగి, ఖాళీ గుల్లను అక్కడే పడేసింది. పెదనాన్న రాసుకుంటూ పోయారు. నిలిచిన సమయం గడిలో మళ్ళీ అడ్డగీతలే.

ఒడ్డుకు వచ్చాక పడవతని కొడుకు కలిశాడు. డిగ్రీ చదువుతూ, ఆదివారాలు కెమెరాలతో వచ్చేవాళ్ళను తిప్పుతున్నాడు. ఏ నెలలో ఏ పిట్ట ఏ మూల ఉంటుందో చెప్పగలిగితే ఇంకొంచెం అడగవచ్చని అతని ఆలోచన. పెదనాన్న పుస్తకం అతని చేతికిచ్చి, కొండకర్ల పేజీలు వెతికి తీసి, ఫోనుతో ఫొటోలు తీసుకోమన్నారు. కుర్రాడు తీస్తూ తీస్తూ ఆగి, “ఇన్నేళ్ళలో ఒక్కటీ పట్టుకోనేదేటండీ?” అన్నాడు. వాళ్ళ నాన్న పడవ తాడు కట్టుకుంటూ, “పట్టీస్తే మరుసటి వారం నా పడవెవుడు ఎక్కుతాడ్రా?” అని కసిరాడు.

అనకాపల్లిలో కొత్త బెల్లం రెండు దిమ్మలు కొని ఇల్లు చేరేసరికి రెండు దాటింది. పరమాన్నం చల్లారిపోయిందని పెద్దమ్మ కోపంగా ఉంది. చిక్కుడాకుల్లో పెట్టుకుని తింటూ, పెదనాన్న పద్దెనిమిది వేల పిల్ల సంగతి మెల్లిగా కదిపారు. ఎనభై ఏడు లెక్క కూడా తనే ముందు చెప్పేశారు, ఆవిడ చెప్పకముందే. తాడు పడవతని కొడుకు పట్టుకుంటాడనీ, అతనితో మాట కూడా అయిందనీ, నెలకోసారి కొండకర్ల వెళ్ళి రావచ్చుననీ అన్నారు. ఆ మాట ఎప్పుడైందో నాకు తెలీదు. బహుశా నేను కారు తిప్పుతున్నప్పుడు అయి ఉంటుంది.

పెద్దమ్మ అంతా విని, నీలం అట్ట పుస్తకం తన వైపు లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని నాలుగైదు పేజీలు తిప్పింది.

“తేదీ రాశారు, గాలి రాశారు, ఊరి పేర్లన్నీ రాశారు. పదమూడేళ్ళు పూటపూటా చోడి సంకటి కలిపి, చికెన్ కాలేజం ఉడకబెట్టి, చివర్లో రోజూ సెలైను ఎక్కించింది ఎవరో ఇందులో ఎక్కడుందండీ? పిల్లను తెచ్చుకోండి, నేను కాదనను. ఈసారి గీతలు గీసేటప్పుడు నాకూ ఒక గడి పెట్టండి.”

పెదనాన్న స్కేలు ఎక్కడుందో అడిగారు.